పాత సామానుతో హాలు అలంకరణ: కొనే ముందు కొలతల నుంచి గోడకు ఫ్రేములు తగిలించేదాకా

సెకండ్‌హ్యాండ్ వస్తువులతో హాలు సర్దుకుందామనుకునే వాళ్లు చాలామంది ముందు వస్తువు కొనేసి, ఎక్కడ పెట్టాలో తర్వాత ఆలోచిస్తారు. నచ్చింది, చవగ్గా దొరికింది, తెచ్చేశారు. అలా నాలుగైదు చేరేసరికి హాలు కాస్తా గోడౌన్ అయి కూర్చుంటుంది. విడివిడిగా చూస్తే ప్రతిదీ బాగానే ఉంటుంది, కలిపి చూస్తే దేని దారి దానిదే.

వేర్వేరు కాలాల, వేర్వేరు శైలుల వస్తువుల్ని ఒకే గదిలో కలిపి పెట్టే ఈ పద్ధతిని ఎక్లెక్టిక్ స్టైల్ అంటారు. ఇందులో ఏదైనా చెల్లుతుందని ఒక అపోహ ఉంది. సోఫా సెట్ మొత్తం ఒకే చోట కొంటే, ఏది దేనితో కలుస్తుందో తయారీదారే ఆలోచించి పెట్టేస్తాడు. ఇక్కడ ఆ బుర్రబద్దలు కొట్టుకునే పని పూర్తిగా మనదే.

డిజైనర్ దంపతులు చార్లెస్, రే ఈమ్స్ 1949లో అమెరికాలో కట్టుకున్న ఇంటి ఫొటోలు ఒకసారి చూడండి. కట్టడం మొత్తం స్టీలు, గాజు. లోపల చూస్తే జానపద బొమ్మలు, తివాచీలు, గవ్వలు, పుస్తకాలు, దిండ్లు, ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చినవి. అయినా కళ్లకు గజిబిజిగా అనిపించదు. నన్నడిగితే, చుట్టూ ఒకే తీరులో సాగే ఆ స్టీలు చట్రాలే లోపలి వైవిధ్యాన్ని పట్టి ఉంచుతున్నాయి. మన హాల్లోనూ అలా పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి. అది ఏమిటో కొనడానికి వెళ్లే ముందే తేల్చుకోవాలి.

1. ముందు టేపు పట్టుకోండి

హాలు పొడవు, వెడల్పు, కిటికీల ఎత్తు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయి, ఇవన్నీ ఒక కాగితం మీద గీసి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. వీధి తలుపు వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి కొలత కూడా రాసుకోండి. గదిలో హాయిగా పట్టే సోఫా గుమ్మం దగ్గరే ఆగిపోవడం కొత్తేమీ కాదు. పాత సోఫాలకు కాళ్లు ఊడదీసే వీలుందేమో కిందికి వంగి చూడండి, చాలాసార్లు ఆ పది సెంటీమీటర్లే గట్టెక్కిస్తాయి.

గదిలో మనుషులు తిరిగే దారికి 75 నుంచి 90 సెంటీమీటర్లు వదలాలి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 35 నుంచి 45 సెంటీమీటర్లు చాలు. టీపాయ్ ఎత్తు సోఫా సీటుతో సమానంగానో, ఓ అంగుళం రెండంగుళాలు తక్కువగానో ఉంటే కప్పు అందుకోవడానికి వంగాల్సిన పని ఉండదు.

రకరకాల కుర్చీలు కలిపేటప్పుడు జనం పట్టించుకోని కొలత ఒకటుంది: సీటు ఎత్తు. మామూలుగా ఇది 40 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక కుర్చీ 45, పక్కది 33 అయితే, ఎదురెదురుగా కూర్చున్న వాళ్లలో ఒకరు పైనుంచి కిందికి చూస్తూ మాట్లాడాలి. శైలి ఎంత తేడాగా ఉన్నా పర్లేదు, సీట్ల ఎత్తు మాత్రం ఐదు సెంటీమీటర్లకు మించి తేడా రాకుండా చూసుకోండి. గది కుదురుగా కనిపించడంలో సగం రహస్యం ఇదే.

కొనాలనుకుంటున్న వస్తువు కొలతకు నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి చూడండి. కాలికి అడ్డం వస్తుంటే వస్తువు ఇంటికి రాకముందే తెలిసిపోతుంది.

2. అన్నిటినీ కలిపే పోలిక ఒకటి ఎంచుకోండి

మార్చలేనివాటితో మొదలుపెట్టండి. నేల రంగు, తలుపుల చెక్క రంగు ఎలాగూ అవే ఉంటాయి. వాటికి నప్పే మూడు రంగులు తీసుకోండి. ఇంటీరియర్ డిజైనర్లు వాడే 60-30-10 లెక్క ఇక్కడ పనికొస్తుంది: గోడలు, పెద్ద వస్తువుల్లో అరవై శాతం ఒక రంగు, కర్టెన్లు, కుర్చీల్లో ముప్పై శాతం ఇంకోటి, చిన్న వస్తువుల్లో పది శాతం మూడోది. ఇందులో కొలిచి చూడాల్సిందేమీ లేదు, ఒక రంగు పైచేయిగా ఉండాలి, ఇంకొకటి అక్కడక్కడా మెరవాలి, అంతే. ఆ మెరిసే రంగు కనీసం మూడు చోట్ల కనిపించాలి. ఒక్కచోటే ఉంటే పొరపాటున వచ్చినట్టుంటుంది.

రంగే కలపాలని రూలేం లేదు. అన్ని వస్తువుల్లో ఎక్కడో ఒకచోట ఇత్తడి ఉండటం, లేదా అన్నిటికీ సన్నటి కాళ్లుండటం కూడా సరిపోతుంది. చెక్క రంగులు మాత్రం రెండు, మహా అయితే మూడు. ఎరుపు జీర ఉన్న చెక్కల పక్కన బూడిద జీర ఉన్న చెక్క పెడితే రెండూ మాసినట్టు కనిపిస్తాయి. తప్పదనుకుంటే వాటి మధ్యకు ఒక తివాచీయో, రంగు వేసిన బల్లో రానివ్వండి.

3. పాత వస్తువును ఎలా పరీక్షించాలి

ఒక పాత సొరుగుల బల్ల మీకు నచ్చిందనుకుందాం. పైన మెరుపు చూడటం ఆపి, ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. వస్తువు అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. ముందు పలక, పక్క పలక కలిసే మూలలో రెండు చేతుల వేళ్లు కలుపుకున్నట్టు పళ్లు పళ్లుగా అతుకు ఉంటే, చేసినవాడు పని తెలిసినవాడు. కేవలం స్టేపుల్ పిన్నులతో కొట్టేసి ఉంటే బరువు పెట్టిన కొద్దీ వదులవుతుంది. తర్వాత అంచు చూడండి. పైపలకలోని చెక్క చారలు అంచు మీదుగా కిందికి కొనసాగితే అది అసలు చెక్క. చారలు అంచు దగ్గర ఠక్కున ఆగి, అతికించిన పట్టీలా కనిపిస్తే పైన వెనీర్, అంటే అతికించిన పలచటి చెక్క పొర ఉన్నట్టు. వెనీర్ అనగానే తీసిపారేయక్కర్లేదు, పాత మంచి ఫర్నిచర్‌లో కూడా వెనీర్ ఉంటుంది. దాన్ని బాగుచేసే తీరు వేరు, అంతే. లోపల పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు ఉండి, నీళ్లు తగిలి ఉబ్బి ఉంటే మాత్రం బేరమాడకుండా వచ్చేయండి. ఉబ్బిన బోర్డు మళ్లీ దిగదు.

ఇప్పుడు ఎదురెదురు మూలల మీద రెండు చేతులూ వేసి నొక్కండి. కాస్త ఊగితే ఫర్వాలేదు, అతుకులు వదులయ్యాయి, బిగించుకోవచ్చు. చెక్క విరిగి ఊగుతుంటే అది వడ్రంగి దగ్గరికి వెళ్లే పని.

చెక్కలో 1 నుంచి 2 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు కనిపిస్తే పుచ్చు పురుగు తిన్నదన్నమాట. పాత చిల్లులకు భయం లేదు. అరచేత్తో గట్టిగా తట్టినప్పుడు పిండిలాంటి పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. చెదల మట్టి దారులు కనిపించినా, తడితే బోలు శబ్దం వచ్చినా వదిలేయడం మేలు. గుడ్డ కుట్టిన వస్తువైతే కుట్ల సందుల్లో టార్చి వేసి చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే. పూర్తిగా గుడ్డ చుట్టిన పెద్ద సోఫాను, లోపల ఏముందో తెలియకుండా కొనమని నేను ఎవరికీ చెప్పను. చెక్క కనిపించే సోఫా అయితే సగం టెన్షన్ తగ్గుతుంది.

4. తెచ్చిన వెంటనే హాల్లోకి వద్దు

బాల్కనీలోనో వరండాలోనో రెండు వారాలు ఉంచండి. కింద నల్ల కాగితం పరిస్తే, పొడి రాలుతోందో లేదో ఇట్టే తెలుస్తుంది. ఫోటో ఫ్రేము, చిన్న పెట్టె లాంటివైతే పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెడితే పురుగు చస్తుంది. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే చెమ్మ చెక్క మీదే చేరుతుంది. పెద్ద వస్తువులకు బోరేట్ మందు పూస్తారు. అది పాలిష్ లేని పచ్చి చెక్కలోకే ఇంకుతుంది కాబట్టి, సొరుగుల లోపల, వెనక పలక మీద, కాళ్ల అడుగున పూయాలి.

శుభ్రం చేయడానికి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, బాగా పిండిన గుడ్డ. చెక్క తడిసి ముద్ద కాకూడదు. మైనం పేరుకుపోయి జిడ్డుగా ఉంటే టర్పెంటైన్ అద్దిన గుడ్డతో తుడవండి. సొరుగుల్లో ముక్క వాసన ఉంటే ఎండ తగిలేలా తెరిచి పెట్టి, తర్వాత బేకింగ్ సోడా గిన్నె ఒకటి లోపల ఉంచండి. తుడిచాక ఒకసారి వెనక్కి జరిగి చూడండి. కొన్నిసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది, మురికి కింద పాలిష్ బ్రహ్మాండంగా ఉంటుంది.

5. అందం కంటే ముందు అతుకులు

ఊగే కుర్చీకి రంగు వేయడం శుద్ధ దండగ. వదులైన అతుకును మెల్లగా విడదీసి, పాత జిగురు మొత్తం గీకేయాలి. కొత్త తెల్ల జిగురు పాత జిగురు మీద పట్టదు. అతుకు మళ్లీ మళ్లీ ఊడటానికి కారణం చాలాసార్లు ఇదే. బాగా పాత ఫర్నిచర్‌లో జంతు చర్మం, ఎముకలతో చేసిన జిగురు ఉంటుంది, వేడినీళ్లు తగిలితే అది మెత్తబడి ఊడొస్తుంది. కొత్త జిగురు రాసి, క్లాంప్ లేకపోతే తాడు చుట్టి, మధ్యలో ఒక పుల్ల దూర్చి మెలిపెట్టి బిగించండి. బయటికి కారిన జిగురును అప్పుడే తడిగుడ్డతో తుడవాలి. ఎండాక ఉండిపోతే అక్కడ పాలిష్ పట్టదు. ఒక రోజంతా కదపకండి.

స్క్రూ వదులై ఊరికే తిరుగుతుంటే, ఆ రంధ్రంలో జిగురు అద్దిన అగ్గిపుల్లలు రెండు దూర్చి, ఆరాక మళ్లీ బిగిస్తే పట్టుకుంటుంది. వంపు తిరిగిన చెక్కతో చేసిన కెఫే కుర్చీలు దొరికితే ముందు స్క్రూలే చూడండి. వాటికి మూలమైన థోనెట్ కంపెనీ 14వ నంబర్ కుర్చీని 1859లో ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లతో తయారు చేశారు. ఆ బాపతు కుర్చీ ఊగుతోందంటే ఎక్కువగా స్క్రూడ్రైవర్‌తో పోయే జబ్బే.

6. పాలిష్, మరకలు, రంగు

గీకడం మొదలుపెట్టే ముందు ఉన్న పాలిష్ ఏ రకమో తెలుసుకోండి. కనిపించని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ (ఆల్కహాల్) అద్దండి. నిమిషంలో జిగటగా మారితే అది లక్క పాలిష్. అలా అయితే మీ అదృష్టం పండినట్టే, ఎందుకంటే కొత్త లక్క పూత పాత పూతను కరిగించుకుని అందులో కలిసిపోతుంది. మొత్తం గీకనక్కర్లేదు, శుభ్రం చేసి పైన పలచగా రెండు పూతలు చాలు. స్పిరిట్‌కీ థిన్నర్‌కీ దేనికీ చలించకపోతే అది పాలీయురేథేన్ లాంటి ఆధునిక పూత.

గ్లాసు పెట్టిన మరకలు రెండు రకాలు. తెల్లటి వలయమైతే చెమ్మ పాలిష్ పొరలోనే చిక్కుకుంది. పొడి కాటన్ గుడ్డ పరిచి, ఆవిరి లేకుండా తక్కువ వేడిలో ఇస్త్రీపెట్టె కొద్ది సెకన్లు ఆనించి ఎత్తి చూస్తూ ఉంటే మాయమవుతుంది. నల్లటి వలయం వేరే కథ. నీళ్లు చెక్క దాకా దిగి, అందులోని ఇనుము చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లబడింది. దాన్ని తీయాలంటే పాలిష్ గీకి, ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం పూయాలి. అది విషం, గ్లవ్స్, మాస్కు తప్పనిసరి, తర్వాత నీళ్లతో బాగా తుడిచేయాలి. నేనైతే చాలా నల్ల వలయాల్ని అలాగే ఉంచేస్తాను, పైన ఒక పూలకుండీ పెడితే సరిపోయేదానికి అంత తంటా ఎందుకు?

శాండ్‌పేపర్ పట్టేటప్పుడు 100 నంబర్‌తో మొదలుపెట్టి 150, తర్వాత 220కి వెళ్లండి. ఎప్పుడూ చెక్క చారలు పోయే దిక్కునే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ వేశాక ఎదురొచ్చి పలకరిస్తాయి. వెనీర్ మీద మెషీన్ వద్దు. ఆ పొర మందం చాలాసార్లు మిల్లీమీటరు కూడా ఉండదు, చేత్తో 220 నంబర్‌తో సుతారంగా రుద్దితే చాలు.

పెయింట్ వేసిన పాత వస్తువుల విషయంలో జాగ్రత్త. పాతకాలపు పెయింట్లలో సీసం కలిపేవారు. అమెరికా ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించింది, చాలా దేశాల్లో నియమాలు అంతకంటే ఎంతో ఆలస్యంగా వచ్చాయి. పాత పెయింట్‌ను పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. పెచ్చులు లేస్తున్న పాత పెయింట్ వస్తువు, పిల్లలున్న ఇల్లు, ఈ రెండూ ఒకచోట వద్దు.

రంగు వేయాలా, చెక్క కనిపించాలా అన్నది ఎప్పుడూ ఉండే తగాదా. మంచి చెక్కకు రంగు వేయడానికి నాకు చెయ్యి రాదు. అయితే పై పొర అక్కడక్కడా ఊడిన బల్లలకు, వేర్వేరు చెక్కలు అతికించి చేసినవాటికి రంగే మర్యాద. ఎర్రటి చెక్క మీద తెలుపు వేస్తే కొన్నాళ్లకు గోధుమ మరకలు పైకి తేలుతాయి. కింద లక్కతో చేసిన ప్రైమర్ వేస్తే ఆ మరకలు ఆగిపోతాయి. గంట్లకు లప్పం పెట్టి, పలచగా రెండు మూడు పూతలు వేయండి. నీటి ఆధారిత పెయింట్ రెండు గంటల్లో చేతికి ఆరినట్టు అనిపించినా పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా బరువైన వస్తువులు పెడితే అడుగు అచ్చు దిగుతుంది.

ఇంకొక మాట, ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. లిన్‌సీడ్ (అవిసె గింజల) నూనె, అది కలిసిన పాలిష్ నూనెలు తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. నూనె ఆరుతూ పుట్టించే వేడికి అవి వాటంతటవే మండిపోవచ్చు. బయట విడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

7. కుర్చీ సీటు మార్చడం

గుడ్డ పనిలో కొత్తవాళ్లు ధైర్యంగా చేయగలిగింది, అడుగున నాలుగు స్క్రూలతో ఊడివచ్చే సీటున్న కుర్చీ. సీటు ఊడదీసి, పిన్నులు తీసి, పాత గుడ్డను చింపకుండా దాచండి, కొత్తది కత్తిరించడానికి అదే కొలత. తరచూ ఒకదాని మీద ఒకటి రెండు మూడు పాత గుడ్డలుంటాయి, అన్నీ తీసేయాలి. లేకపోతే మందం పెరిగి సీటు మళ్లీ చట్రంలో కూర్చోదు.

ఫోమ్ ఐదు సెంటీమీటర్ల మందంలో, గట్టి రకం తీసుకోండి. గుడ్డను బోర్లా పరిచి, మీద సీటు తిరగేసి పెట్టి, నాలుగు పక్కలా ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కత్తిరించండి. ముందు నాలుగు పక్కల మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి తిరగేసి చూడండి, డిజైన్ వంకరగా ఉంటే సరిచేయడానికి ఇదే ఆఖరి అవకాశం. తర్వాత మధ్య నుంచి మూలల వైపు, ఒక పక్క నాలుగు కొడితే ఎదురు పక్క నాలుగు, అలా లాగుతూ వెళ్లండి. మూలలు చివర. మడత లోపలికి తోసి కొట్టాలి.

గుడ్డ కొనేటప్పుడు మార్టిన్‌డేల్ అంకె అడగండి, రాపిడికి ఎంత ఆగుతుందో అది చెబుతుంది. ఇంట్లో మామూలు వాడకానికి 15,000 పైన, రోజూ కూర్చునే సీటుకు 25,000 పైన ఉంటే దిగులు లేదు.

8. ఇత్తడి, దీపాలు

ఇత్తడి అని చెప్పిన వస్తువుకు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే, గట్టిగా తోమితే పూత పోతుంది. అసలు ఇత్తడికి నిమ్మరసం, ఉప్పు చాలు. అయినా మొత్తం తళతళలాడించకండి, పిడి మెరుస్తూ చెక్కడాల లోపల నలుపు ఉంటేనే దాని వయసు అందంగా కనిపిస్తుంది. పాత దీపం స్తంభం ఎంత బాగున్నా లోపలి వైరు, హోల్డరు, ప్లగ్ కొత్తవి వేయించాకే వాడండి. ఇందులో పొదుపు వద్దు. బల్బు వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు, 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉన్నవి తీసుకుంటే చెక్క, ఇత్తడి వెచ్చగా కనిపిస్తాయి. గదిలో అన్ని దీపాలకూ ఒకే కెల్విన్ ఉండాలి, లేకపోతే వేసిన రంగులన్నీ రాత్రికి తేడా కొడతాయి.

9. సర్దడం

గదిని ఒకసారి ఖాళీ చేయగలిగితే చేయండి. పెద్దవి ముందు పెట్టి, వాటిలో ఒక్కదాన్నే కథానాయకుణ్ని చేయండి. గుమ్మంలోంచి చూడగానే కంటపడేది అది. దాని పక్కన అంతే గట్టిగా అరిచే ఇంకో వస్తువు ఉంటే ఒకదాన్ని వేరే గదికి పంపాల్సిందే. తివాచీ చిన్నదైతే మధ్యలో ద్వీపంలా మిగిలిపోతుంది. సోఫా, కుర్చీల ముందు కాళ్లైనా దాని మీద ఉండేలా పెద్దది తీసుకోండి. తేడాగా ఉన్న వస్తువుల్ని ఒక గుంపుగా కట్టేది చాలాసార్లు ఈ తివాచీయే.

బరువు ఒకవైపే పోగవ్వకుండా చూడండి. ముదురు రంగు చెక్కలన్నీ ఒక గోడకే చేరితే గది అటు ఒరిగినట్టుంటుంది.

ఫ్రేములు రకరకాలవైతే అన్నిటికీ ఒకే రంగు వేయండి, లేదా ఫ్రేముల్ని వాటి మానాన వదిలేసి లోపల అన్నిటికీ ఒకే తెల్లటి అట్ట అంచు పెట్టించండి. రెండూ చేస్తే సెట్ కొన్నట్టయి, పాత వస్తువుల మజా పోతుంది. ముందు ఫ్రేములు నేల మీద పేర్చి చూసుకుని, అదే కొలతల కాగితాలు గోడకు అంటించి, తర్వాతే మేకు కొట్టండి. గుంపు మధ్య భాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. సోఫా పైన అయితే వీపు నుంచి 15, 20 సెంటీమీటర్లు వదిలి, సోఫా పొడవులో మూడింట రెండు వంతుల మేర పరుచుకుంటే నిండుగా కనిపిస్తుంది.

ఎత్తైన పాత బీరువా, పుస్తకాల అల్మరా తెచ్చుంటే అవి నిలబడటానికి వాటి బరువును నమ్ముకోవద్దు. పిల్లలు సొరుగులు లాగి వాటి మీద కాలు పెట్టి ఎక్కితే అవి ముందుకు పడతాయి. పైభాగంలో రెండు చోట్ల లోహపు ఎల్ పట్టీలు వేసి, ప్లాస్టరులోకి కాకుండా గోడ ఇటుకలోకి దిగేలా బిగించండి. పలచటి వెనక పలకకు కాక, చట్రంలోని మందపాటి చెక్కకే స్క్రూ పట్టాలి. బరువైన పుస్తకాలు కింది అరల్లో, తేలికైనవి పైన.